శెనగపిండి డబ్బాలో మాత్రలు

"ఓలమ్మో... ఓలమ్మో! ఇదేటి ఈ డబ్బాలో! ఒరే సక్రం! ఒలే గౌరీ! ఇలా రండి... ఈవిడగారి నిర్వాకం మీ కళ్ళతో మీరే సూడండి!"

పైడమ్మ కేక ఇనుప గని క్వార్టర్ల వరస చివరిదాకా వినబడే ఉంటుంది! రేపు పొద్దున్న రైలుకి ఆవకాయ సర్దడానికి డబ్బా కావాలని వెతికి వెతికి, అటక మీది శెనగపిండి డబ్బా దించి వంచిందావిడ. పిండి రాలలేదు. ఎర్రటి మాత్రలు రాలాయి! ఒకటా, రెండా... గచ్చు మీద గలగలా దొర్లుతూ కొన్ని ఫ్రిజ్ కిందికి పోయాయి, కొన్ని గ్యాస్ బల్ల కిందికి పోయాయి. ఒకటైతే వంటింటి గడప దాటి, అప్పుడే డ్యూటీనించి వచ్చి హాల్లో బూట్లు విప్పుకుంటున్న చక్రధరరావు కాలి దగ్గరికి వెళ్ళి ఆగింది.

నీలవేణి తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది. పాలిపోవడానికి ఆ మొహంలో ఇంకా రంగంటూ ఉంటే కదా! రెండేళ్ళుగా తెల్లగా సున్నం కొట్టినట్టే ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వంగి లేస్తే కళ్ళు బైర్లు. మొన్న శ్రావణంలో భర్తకి క్యారియర్ అందించడానికి షిఫ్ట్ బస్సు దగ్గరికి వెళ్ళి అక్కడే కుప్పకూలింది. పరీక్ష చేస్తే రక్తం ఆరుకి లోపల ఉందన్నారు. బాటిల్ ఎక్కించారు. రెండు నెలలకి మళ్ళీ ఆరు. మళ్ళీ ఎక్కించారు. ఇప్పటికి మూడుసార్లు! "ఇనుప కొండ కింద కాపురం ఉంటూ మీ ఆవిడ ఒంట్లో ఇనుము లేకపోవడమేంటి భాయ్" అని కొండమీద తోటి పనివాళ్ళు చక్రధరరావుని ఆట పట్టించేవారు. అతను నవ్వుతూ ఆ మాట ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆమెకి మాత్రం నవ్వొచ్చేది కాదు.

"ఇయ్యేటే?" అంది పైడమ్మ, గుప్పెడు మాత్రలు ఏరి కోడలి మొహం ముందు పెట్టి. "రక్తం పట్టడానికని దినదినం నా సేత్తో నీ సేతిలో పెడితే, నువ్వు మింగకండా డబ్బాలో దాసుకున్నావా? మేవేటి పిచ్చోళ్ళమా?"

"నీలా, ఇది నిజమేనా?" అన్నాడు చక్రధరరావు. ఆ గొంతులో కోపం కన్నా ఎక్కువగా అవమానం ఉంది. రెండోసారి ఎక్కించిన బాటిల్ అతని ఒంట్లోని రక్తమే మరి!

"నిజమే" అంది నీలవేణి.

పదిరోజుల క్రితం గాజువాకనుంచి దిగిన ఆడపడుచు గౌరీశ్వరి బుగ్గలు నొక్కుకుంది. "చూశావా తమ్ముడూ! రోగం తగ్గాలని ఉంటే కదా! అందుకే నేను చెప్పేది. ఈ మాత్రలూ, బాటిళ్ళూ అన్నీ దండగ. గర్భసంచి తీయించేస్తే ఒక్క దెబ్బకి పోతుంది! ఆడదానికి రక్తం పోతోందంటే ఇంకెక్కడినుంచి పోతుంది? నన్ను చూడండి. ముప్పై రెండో ఏట తీయించుకున్నాను. హాయిగా లేనూ?" అంటూ ఆ మార్గశిరపు చలిలో కూడా కొంగుతో మొహం విసురుకుంది.

అసలీ ప్రయాణం దానికే! వైజాగ్‌లో గౌరీశ్వరికి తెలిసిన నర్సింగ్ హోమ్‌లో ఎల్లుండికి ఆపరేషన్ ఖాయం చేశారు. చక్రధరరావు వారం రోజులు సెలవు పెట్టాడు. కిరందుల్ పాసింజర్‌కి టిక్కెట్లు తీశాడు. నీలవేణిని ఎవరైనా అడిగారా? అడగలేదు. 'నీ మంచికే' అన్నారంతే. ముప్పై ఆరేళ్ళ మనిషి, పదో తరగతి చదివే ఆడపిల్లకి తల్లి... తన కడుపులోంచి ఒక అవయవం కోసి తీసేయడానికి తేదీ పెడుతుంటే గుమ్మం పక్కన నిలబడి విన్నది!

ఇప్పుడు కూడా అలాగే నిలబడేదేమో. కానీ ఆమె కళ్ళు ఆ మాత్రల మీదే ఉన్నాయి. ఎన్ని ఉంటాయివి? కార్తీక పౌర్ణమి నాడు ఉపవాసం ఉంటే కడుపులో నిప్పులు పోసినట్టయింది. ఆ బాధ చెప్పుకుంటే 'మందులు మానడానికి నాటకం' అన్నారు. ఆ రోజునుంచీ అత్త పొద్దున్నే టీతో పాటు ఇచ్చే రెండు మాత్రల్లో నడుం నొప్పికిచ్చే తెల్లది మింగి, మంట దానివల్లేననుకుని ఎర్రది గుప్పిట్లో దాచేసింది. నలభై రోజులు... నలభై మాత్రలు. ఎర్రది మానేసినా మంట మానలేదు. మరి ఇంకొకటి కూడా మానలేదు కదా! ఆ సంగతి తట్టగానే నీలవేణి తలుపు రెక్క వదిలేసి రెండడుగులు ముందుకొచ్చింది.

"అత్తా, నలభై రోజులుగా నేను ఒక్క ఎర్ర మాత్ర కూడా మింగలేదు. అవునా?"

"అవునే! సిగ్గు నేకండా మళ్ళీ సెప్తన్నావా?"

"అయితే నాకింకా నల్లగా ఎందుకవుతోంది?"

"ఏటి నల్లగా?"

"దొడ్డికి."

పైడమ్మ చేతిలో మాత్రలు మళ్ళీ కింద పడ్డాయి. గౌరీశ్వరి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "రామ రామ! వంటింట్లో ఏం మాటలివి! మగాడు కూర్చున్నాడు, పిల్ల ఉంది..."

"ఉండనీండి వదినా! అందరూ వినాలి" అంది నీలవేణి. "రోడ్డుకి పోసే తారులా ఉంటోంది. జిగటగా, నీచు కంపుతో... బకెట్టు నీళ్ళు పోసినా పోదు. మొదట్లో భయపడి అత్తకి చెప్పాను. 'ఎర్ర మాత్రలకి అలాగే అవుతాదే, నోరు మూసుకో' అంది. నేను మూసుకున్నాను. కానీ ఆ ఎర్ర మాత్రలన్నీ ఇదిగో, ఇక్కడ దొర్లుతున్నాయి! నా కడుపులో ఒక్కటీ లేదు! మరి ఈ నలుపెక్కడిది? రక్తం నిలవుంటే నల్లబడుతుందని బట్టలుతికే ఆడదానికి ఒకరు చెప్పాలా? మీరు మూడుసార్లు ఎక్కించిన రక్తం ఎక్కడికి పోయిందండీ? నా కడుపులోనే ఎక్కడో కారిపోతోంది!"

కూతురు బుజ్జి పుస్తకం పక్కన పెట్టి లేచి వచ్చి తల్లి పక్కన నిలబడింది. "డాడీ, మమ్మీ చెప్పేది సహీ. ఒకసారి చెక్ చేయిద్దాం కదా" అంది.

"నువ్వు లోపలికి పో!" అని గద్దించాడు చక్రధరరావు. పాపం, చెడ్డవాడు కాదు. కానీ పెద్దక్క ముందు పెళ్ళాం దొడ్డి గురించి మాట్లాడితే తట్టుకునే మగవాడు కూడా కాదు. "ఛుట్టీ శాంక్షన్ అయింది. డాక్టరుతో మాట అయింది. అక్క ఇల్లు వదిలి పదిరోజులుగా ఇక్కడుంది. అందరినీ పిచ్చివాళ్ళని చేస్తావా? రేపు రైలెక్కుతున్నావు. అంతే!"

"ఎక్కను."

"ఏమన్నావ్?"

"ఎక్కనన్నాను. నా గర్భసంచి ఏ తప్పూ చేయలేదు! నెలకి నాలుగు రోజులు, అందరికీ అయినట్టే అవుతోంది. ఆ సంగతి మీలో ఒక్కరైనా అడిగారా? చేయని తప్పుకి దాన్నెందుకు కోయించుకోవాలి? దొంగ ఒకచోట ఉంటే ఇంకోచోట తలుపులు పగలగొడతానంటే నేనొప్పుకోను!"

పదిహేడేళ్ళ కాపురంలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. మాట్లాడి, ఆయాసంతో గచ్చు మీదే కూలబడింది. ఎవరూ లేవదీయలేదు. బుజ్జి మాత్రం మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తెల్లవారింది. ఆటో వచ్చి ఆగింది. సంచులు ఎక్కాయి, ఆవకాయ ఎక్కింది, గౌరీశ్వరి ఎక్కింది. నీలవేణి కూడా తల దువ్వుకుని స్వెట్టర్ వేసుకుని బయటికొచ్చింది. దారికొచ్చిందనుకుని చక్రధరరావు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె ఆటో వైపు చూడనైనా చూడకుండా గేటు దాటి, ఎదురు దిక్కున ఎత్తు రోడ్డెక్కి ఆసుపత్రి వైపు నడవడం మొదలుపెట్టింది!

"నీలా!" అని అరిచాడతను. ఆమె ఆగలేదు.

"పోనీ... పోనీరా! అక్కడికి పోతే తెలుస్తుంది" అంది గౌరీశ్వరి. "నన్నైనా రైలెక్కించు. ఇంకో క్షణం ఇక్కడుండను!"

ఆ ఎత్తు ఎక్కడం మామూలు మనిషికి ఐదు నిమిషాల పని. నీలవేణి ఏభై అడుగులకోసారి ఆగుతోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎర్ర దుమ్ము పట్టిన సిమెంటు గోడని ఆనుకుని ఊపిరి తీసుకుని మళ్ళీ నడుస్తోంది. వెనకనుంచి మాత్రం తిట్ల వర్షం ఆగలేదు. శాలువా ఒక చేత, తన మోకాలు ఒక చేత పట్టుకుని కుంటుతూ పైడమ్మ వెంటబడింది!

"ఆగవే... ఆగు! పడిపోతే నిన్నెవులు మొయ్యాలే? పరువు మొత్తం గంగలో కలిపేసినావు! ఆసుపత్రిలో కూడా ఆ నల్ల మాట సెప్తావా? సెప్పు, సెప్పు! నెత్తి మీద గుడ్డేసుకోకండా ఈ సలిలో... ఇదిగో కప్పుకో ముందు!"

శాలువా కప్పింది. తిడుతూనే కోడలి చెయ్యి తన భుజం మీద వేసుకుంది. అలా ఒకరినొకరు ఈడ్చుకుంటూ ఇద్దరూ ఆసుపత్రి మెట్లెక్కేసరికి కింద స్టేషన్లో రైలు కూత వేసింది.

డాక్టర్ నంద కొత్తగా వచ్చినావిడ. ఒడిశా మనిషి, మాట్లాడేది హిందీ. నీలవేణి తెలుగూ హిందీ కలిపి సిగ్గు పడకుండా మొత్తం చెప్పింది. నలుపు, జిగట, వాసన, మంట, డబ్బాలో దాచిన మాత్రలు... అన్నీ! డాక్టరమ్మ నవ్వలేదు, మొహం చిట్లించలేదు. కనురెప్ప కిందకి లాగి చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. పైకడుపు దగ్గర నొక్కగానే నీలవేణి మెలికలు తిరిగిపోయింది.

"ఇంకేమైనా గోళీలు వాడుతున్నారా?"

"లేదు మేడమ్. అత్త నడుం నొప్పికి ఇచ్చే తెల్ల గోళీ ఒక్కటే."

పైడమ్మకి ఆ మాట అర్థమైంది. నలభై ఏళ్ళుగా సంతలో బేరాలాడిన హిందీ కదా! కాస్త గర్వంగానే రొంటినున్న సంచి విప్పి అట్ట తీసి బల్లమీద పెట్టింది. "నా మోకాళ్ళకి నేను వేసుకునేదే బేటీ! బహుత్ అచ్ఛా గోళీ. దీని నడుం పడిపోతంటే సూడలేక రెండేళ్ళ నించి నానే రోజూ ఇస్తన్నాను."

డాక్టరమ్మ అట్ట వెనక రాసింది చదివింది. "ఎప్పుడిస్తారు? ఏం తిన్నాక?"

"తిన్నాక ఏటి... పొద్దున్నే చాయ్‌తో ఇస్తాను."

"మరి తినేది ఎప్పుడు?"

"ఆడు తిన్నాకే! మా ఇంట్లో మగోడు తినకండా ఆడది తినదు. పొద్దుటి 'ఏ' షిఫ్ట్ అయితే మజ్జాన్నం మూడు దాటాక తింతది. బీ షిఫ్ట్‌కి పదకొండుకి ఆడికి పెట్టి, పంపి, అప్పుడు తింతది. సీ షిఫ్ట్ వారం ఆడు ఒచ్చి నిద్దరోయి లేచేదాకా..." చెబుతూ చెబుతూ పైడమ్మ ఆగిపోయింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసి తనవైపే చూస్తోంది.

"అమ్మా" అందావిడ నెమ్మదిగా. "నొప్పి తగ్గించే ఈ గోళీ ఖాళీ కడుపులో పడితే కడుపు లోపలి పొరని తినేస్తుంది. పుండు పడుతుంది. ఆ పుండులోంచి చుక్క చుక్కగా రక్తం కారుతుంది. పేగుల్లోంచి బయటికొచ్చేసరికి ఆ రక్తం నల్లగా అయిపోతుంది. మీరు పైనుంచి రక్తం ఎక్కిస్తున్నారు, అది లోపలినుంచి పోతోంది. నాకు అనుమానం అదే. చూసి చెప్తాను."

ల్యాబ్‌లో పూనం అనే అమ్మాయి చిన్న డబ్బీ ఇచ్చింది. గంటలో కాగితం వచ్చింది. మలంలో రక్తం ఉంది!

పైడమ్మ బెంచీ మీద కూలబడింది. "నానే... నా సేత్తో నానే పెట్టాను తల్లీ... మందనుకుని పెట్టాను... ఎర్రది పారేసి నువ్వు తెల్లది మింగితే, తెల్లదాంట్లో ఉందేటే ఇసం..." అంటూ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నీలవేణికి జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది! రెండేళ్ళు... రెండేళ్ళు తనని తినదని, నాటకాలని, సోమరిదని అన్నారు. నాలుగు మాటలు అనేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ రాత్రీ పగలూ నడుం పట్టుకుని తిరిగే రోజుల్లో 'నొప్పా?' అని అడిగింది ఆ ఇంట్లో ఈ మనిషొక్కతే! అదీ నిజమే కదా!

"ఏడవకత్తా" అంది చివరికి. "నాకు కోపంగా ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

బయట వరండాలో చక్రధరరావు నిలబడి ఉన్నాడు. అక్కని రైలెక్కించి సంచులతో సహా తిరిగొచ్చాడు. అతనేదో అనబోయే లోపే నీలవేణి కాగితం చేతిలో పెట్టింది. "జగదల్‌పూర్‌లో నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలట. మీ సెలవు ఎలాగూ ఉంది కదా. రేపు నాతో రండి."

వచ్చాడు. అక్కడి డాక్టరు అతన్ని కూడా లోపలికి పిలిచి తెర మీద చూపించాడు. ఎర్రటి కడుపు గోడ మీద పావలా కాసంత పుండు... దాని అంచునుంచి సన్నగా ఊరుతున్న రక్తం! బయటికొచ్చాక అతను ఆమె చెప్పులు తనే వంగి కాళ్ళ ముందు పెట్టాడు. "గర్భసంచి తీయించి ఉంటే... అది కారుతూనే ఉండేది కదా నీలా..." అని గోడవైపు తిరిగిపోయాడు.

"ఉండేది" అంది నీలవేణి. అంతకన్నా ఓదార్పు ఆమె దగ్గర లేదప్పుడు.

తెల్ల గోళీ బంద్ అయింది. పుండు మానడానికి మందులిచ్చారు. మంట తగ్గాక మళ్ళీ ఎర్ర మాత్రలు మొదలుపెట్టమన్నారు, టీతో మాత్రం వద్దన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే నీలవేణి పొద్దున్న ఎనిమిదింటికి అందరూ చూస్తుండగా కంచం పెట్టుకుని కూర్చుంది. "ఏ షిఫ్ట్ అయినా సరే, నేను తినేది ఈ వేళకే. వేడి చేసుకోవడం ఆయనకీ చేతనవుతుంది" అంది. ఎవరూ కాదనలేదు. అన్నా వినేది కాదు! వారం తిరక్కుండానే దొడ్డి రంగు మారింది. ఆ సంగతి ఆమె నవ్వుతూ హాల్లోకొచ్చి మరీ చెబితే చక్రధరరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. బుజ్జి చప్పట్లు కొట్టింది. గౌరీశ్వరి మాత్రం ఫోన్ చేయలేదు.

నెల దాటాక రక్తం తొమ్మిదికొచ్చింది. ఆ రోజు చక్రధరరావుది పొద్దుటి 'ఏ' షిఫ్ట్. నీలవేణి ఉప్మా పెట్టుకుని కూర్చుంటే, పైడమ్మ పక్కన నిలబడి వడ్డిస్తోంది.

"నువ్వూ కూర్చో అత్తా."

"ఆడు రానీ."

"ఇంకా ఆ పద్ధతేనా? మూడింటిదాకా?"

పైడమ్మ ఇంకో గరిటె ఉప్మా కోడలి కంచంలో వేసింది. నీలవేణి తలెత్తి, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి చూస్తున్నట్టు అత్త మొహంలోకి చూసింది. తెల్లటి పెదాలు, తెల్లటి గోళ్ళు... ఈ తెలుపు తను అద్దంలో రెండేళ్ళు చూసిన తెలుపే!

"అత్తా... నువ్వు గోళీలు మానేశావా?"

"మోకాళ్ళు నడవనీవే..." అంది పైడమ్మ. తర్వాత గరిటె కింద పెట్టేసి, ఎవరో వింటారన్నట్టు గుమ్మం వైపు చూసి, కోడలి పక్కన చతికిలబడింది. "ఒలే... నాది కూడా నల్లగానే అవుతందే."

"ఎన్నాళ్ళుగా?"

"మీ మావ పోయినకాడినుంచీ. నాలుగేళ్ళు."

నీలవేణి చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. "నీకు... నీకు ఎర్ర మాత్రలు ఎవరూ ఇవ్వలేదు కదా! మరి నాతో అది మాత్రల వల్లేనని ఎందుకన్నావ్? అది మాత్రల వల్ల కాదని నీకు తెలుసు కదా!"

"తెలుసు" అంది పైడమ్మ. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "నువ్వొచ్చి సెప్పినరోజు నా కాళ్ళు సల్లబడిపోయాయే! ఇది రోగమని నీతో అంటే, నాదీ రోగమే అవుతాది కదా... బయమేసింది. మాత్రలకేలే అని నీకు సెప్పి, నానూ అదే నమ్మాను. నీ నోరు మూయించలేదే నానూ... నా నోరు మూసుకున్నాను!"

ఎంత కోపం రావాలి! వచ్చింది. కానీ ఆ కోపం ఈసారి ఆ ముసలి మనిషి మీదికి పోలేదు. నలభై ఏళ్ళు షిఫ్ట్ బస్సుల కోసం ఎదురుచూస్తూ ఖాళీ కడుపుతో కూర్చోబెట్టిన ఆ పద్ధతి మీదికీ, కడుపులోని మాట నోటికి రానీయని ఆ సిగ్గు మీదికీ పోయింది. నీలవేణి తన కంచమే అత్త ముందుకి జరిపింది.

"ముందు తిను."

"ఎంగిలి కదే..."

"తిను! తిని చెప్పులేసుకో. మనం పోతున్నాం."

"ఇప్పుడేటి? ఆడొచ్చాక అడిగి..."

"నేనడగలేదు. నువ్వూ అడగొద్దు."

అదే ఎత్తు రోడ్డు. ఈసారి నీలవేణి ముందు నడిచింది, ఆగాల్సి వచ్చినప్పుడు పైడమ్మ కోసం ఆగింది. ఆసుపత్రిలో ల్యాబ్ కిటికీ ముందు పెద్ద లైనుంది. వాళ్ళ వంతు వచ్చాక లోపలినుంచి పూనం తల బయటపెట్టి, "కిస్‌కా టెస్ట్ హై అమ్మా? కాహే కా?" అని, పరీక్ష ఎవరికో, దేనికో అడిగింది.

నీలవేణి నోరు తెరవబోయింది. పైడమ్మ ఆమెని చేత్తో ఆపి, కొంగు తల మీదినుంచి వెనక్కి తోసుకుని కిటికీ ముందుకి జరిగింది.

"మేరా!" అంది, సంతలో బేరమాడే గొంతుతోనే. "పాఖానా కాలా ఆతా హై. చార్ సాల్ సే. డబ్బీ దేవ్!"

దొడ్డికి నాలుగేళ్ళుగా నల్లగా అవుతోందన్న ఆ మాటకి లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. పైడమ్మ తల దించుకోలేదు. చెయ్యి చాపి డబ్బీ తీసుకుంది.